చేతికి తగిలిన తర్వాత

1989లో చైనాలోని షాంఘై నగరంలో ఒక పెద్ద ప్రయోగం మొదలైంది. బట్టల మిల్లుల్లో పనిచేసే 2,66,064 మంది ఆడవాళ్లు అందులో పాల్గొన్నారు. మిల్లుల వారీగా వాళ్లను రెండు జట్లు చేశారు. తమ రొమ్ములను తామే పరీక్షించుకోవడం ఎలాగో మొదటి జట్టుకు నేర్పారు. కరపత్రం పంచి ఊరుకోలేదు. సిలికోన్ నమూనాల మీద వేళ్లు ఆనించి, లోపల దాచిన గడ్డలను వెతికి పట్టుకోవడం సాధన చేయించారు. వీడియోలు చూపించారు. ఐదేళ్లపాటు ఆరు నెలలకోసారి, ఆరోగ్య సిబ్బంది దగ్గరుండి చూస్తుండగా పరీక్ష చేయించారు. రెండో జట్టుకు ఈ పాఠం చెప్పలేదు.

పదేళ్లపాటు అందరినీ గమనించాక లెక్క తీశారు. నేర్చుకున్న జట్టులో రొమ్ము క్యాన్సర్‌తో చనిపోయినవాళ్లు 135 మంది, నేర్చుకోని జట్టులో 131 మంది. జట్లు రెండూ ఇంచుమించు సమానమైనవే. అంటే అంత శ్రద్ధగా నేర్పిన పాఠం మరణాలను తగ్గించలేకపోయింది.

2002 అక్టోబరులో ఈ ఫలితం అచ్చయ్యేసరికి వైద్యలోకం ఉలిక్కిపడింది. అమెరికన్ క్యాన్సర్ సొసైటీ 1950లోనే స్వీయ పరీక్ష గురించి సినిమా తీయించి ప్రచారం చేసింది. ఆ తర్వాత అర్ధశతాబ్దం పాటు ఎన్నో దేశాలు ఆ దారినే నడిచాయి. నెలకోసారి తడిమి చూసుకోండి, గడ్డ తొందరగా దొరుకుతుంది, తొందరగా దొరికితే ప్రాణం నిలుస్తుంది అన్నది అందరూ నమ్మిన మాట. షాంఘై తర్వాత, 2003లో, అదే సొసైటీ ఈ పరీక్ష చేసుకోవడమూ మానడమూ ఆడవాళ్ల ఇష్టానికే వదిలేసింది.

మరి మన ఊళ్లలో ఈ పాఠం మానేయాలా? మానకూడదు. అయితే పాఠంలో ఏముండాలో మాత్రం మార్చుకోవాలి. వేళ్లకు నేర్పడం పాఠంలో మొదటి సగమే. గడ్డ చేతికి తగిలిన రోజు నుంచి వైద్యం మొదలయ్యే రోజు వరకు నడవాల్సిన దారిని నేర్పడం రెండో సగం. మన దగ్గర ప్రాణాలు ఎక్కువగా పోతున్నది ఈ రెండో సగంలోనే. దాన్ని అర్థం చేసుకోవాలంటే ముందు గడ్డ ఎలా పెరుగుతుందో తెలియాలి.

ముప్పై రెట్టింపులు

రొమ్ము క్యాన్సర్ చాలావరకు పాల నాళాల లోపలి గోడల్లో, పాలు తయారుచేసే చిన్న తమ్మెల్లో పుడుతుంది. అదుపు తప్పిన ఒక కణం రెండవుతుంది, రెండు నాలుగవుతాయి. పదిసార్లు రెట్టింపయ్యేసరికి కణాల సంఖ్య వెయ్యి దాటుతుంది. ఇరవైసార్లకు పది లక్షలు దాటుతుంది. ముప్పై రెట్టింపులకు వంద కోట్లు. వంద కోట్ల కణాలు ఒక్కచోట చేరితే సుమారు ఒక సెంటీమీటరు గడ్డ తయారవుతుంది. వేళ్లు పోల్చుకోగలిగే పరిమాణం దాదాపుగా అక్కడ మొదలవుతుంది.

ఒక్కో రెట్టింపుకు పట్టే కాలం ఒక్కో క్యాన్సర్‌కు ఒక్కో తీరుగా ఉంటుంది. కొన్నింటికి కొన్ని వారాలు చాలు, కొన్నింటికి ఏడాది దాకా పడుతుంది. వంద రోజులనుకుని లెక్క వేస్తే ఒక సెంటీమీటరు గడ్డ వెనక ఎనిమిదేళ్ల చరిత్ర ఉంటుంది. ఆ ఎనిమిదేళ్లూ ఏ చేతికీ తగలదు. గడ్డ చిన్నగా ఉన్నప్పుడే కొన్ని కణాలు రక్తంలో కలిసి ఎముకలకో ఊపిరితిత్తులకో చేరిపోయే రకాలూ ఉన్నాయి. వేళ్లు ఎంత నైపుణ్యం సంపాదించినా అలాంటి రకాన్ని ముందుగా అడ్డుకోలేవు. షాంఘై ఫలితానికి ఇదొక కారణం కావచ్చు.

ఈ లెక్కకే ఇంకో వైపు ఉంది. ఒక సెంటీమీటరు గడ్డ రెండు సెంటీమీటర్లు కావాలంటే దాని ఘనపరిమాణం ఎనిమిది రెట్లు పెరగాలి, అంటే మూడు రెట్టింపులు. రెండు నాలుగు కావాలన్నా మళ్లీ మూడే. మొదటి సెంటీమీటరుకు ముప్పై రెట్టింపులు పడితే తర్వాతి సెంటీమీటరుకు మూడు చాలు. చేతికి తగలని కాలం ఏళ్లలో నడుస్తుంది. చేతికి తగిలిన తర్వాతి కాలం నెలల్లో పరుగెత్తుతుంది. రెండు సెంటీమీటర్ల లోపు ఉన్నప్పుడు వైద్యుడి దగ్గరికి వెళ్లిన మనిషికీ, చంకలో కూడా గడ్డ కట్టాక వెళ్లిన మనిషికీ మధ్య తేడా ఒక్కోసారి ఏడాది కూడా ఉండదు.

షాంఘై చెప్పింది, ముంబై చెప్పింది

షాంఘై ప్రయోగాన్ని సరిగ్గా చదవాలి. పాఠం చెప్పని జట్టులోని ఆడవాళ్లు కూడా స్నానం చేసేటప్పుడో రవిక వేసుకునేటప్పుడో గడ్డను తామే గమనించారు. మిల్లులకు అనుబంధంగా వైద్య సదుపాయం ఉంది, కాబట్టి చూపించుకున్నారు. మామూలుగా కనిపెట్టడం, వెంటనే చూపించుకోవడం అనే రెండూ అప్పటికే ఉన్నచోట, పద్ధతి ప్రకారం నెలనెలా తడుముకోవడం అదనంగా ఏమైనా ఇస్తుందా అన్నదే అక్కడి ప్రశ్న. పెద్దగా ఏమీ ఇవ్వదని జవాబు వచ్చింది. పైగా క్యాన్సర్ కాని గడ్డలను వెతికి పట్టుకోవడం వల్ల నేర్చుకున్న జట్టులో అవసరంలేని ముక్క పరీక్షలు (బయాప్సీలు) దాదాపు రెట్టింపయ్యాయి. ఆ భయం, ఆ ఖర్చు, ఆ కోత కూడా నష్టం కిందే లెక్క.

మన దేశపు పరిస్థితి వేరు. 2022 అంచనాల ప్రకారం భారతదేశంలో ఆ ఏడాది సుమారు 1,92,000 మందికి రొమ్ము క్యాన్సర్ కొత్తగా బయటపడింది. అదే ఏడాది సుమారు 98,000 మంది దానితో చనిపోయారు. మన ఆడవాళ్లలో అన్నిటికన్నా ఎక్కువగా కనిపించే క్యాన్సర్ ఇదే. 2010–14 మధ్య జబ్బు బయటపడినవాళ్లలో ఐదేళ్ల తర్వాత బతికి ఉన్నవాళ్లు అమెరికాలో నూటికి 90 మంది అయితే ఇండియాలో 66 మంది అని కాంకార్డ్ అనే అంతర్జాతీయ అధ్యయనం తేల్చింది. మన క్యాన్సర్ పుట్టుకతోనే అంత మొండిదని దీని అర్థం కాదు. చాలామందికి అది ముదిరిన తర్వాతే ఆసుపత్రి కనబడుతోంది.

ఈ ఆలస్యాన్ని తగ్గించవచ్చా అన్నది ముంబైలోని టాటా మెమోరియల్ ఆసుపత్రి వేసుకున్న ప్రశ్న. డాక్టర్ ఇంద్రనీల్ మిత్రా నాయకత్వంలో 1998లో ప్రయోగం మొదలైంది. ముంబై మురికివాడల్లోని 35 నుంచి 64 ఏళ్ల ఆడవాళ్లు 1,51,538 మందిని ఎంచుకున్నారు. ఒక జట్టు దగ్గరికి రెండేళ్లకోసారి, మొత్తం నాలుగుసార్లు, శిక్షణ పొందిన మహిళా ఆరోగ్య కార్యకర్తలు వెళ్లి రొమ్ములను చేత్తో పరీక్షించారు. వాళ్లు డాక్టర్లు కారు. వాళ్ల దగ్గర రొమ్ముకు ఎక్స్‌రే తీసే మామోగ్రామ్ యంత్రమూ లేదు. రెండో జట్టుకు ఒకసారి క్యాన్సర్ గురించి అవగాహన పాఠం చెప్పారు, అంతే.

ఇరవై ఏళ్ల ఫలితాలు 2021లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చాయి. పాఠం మాత్రమే విన్న జట్టులో జబ్బు వచ్చినవాళ్లలో నూటికి 47 మందికి అది మూడో దశలోనో నాలుగో దశలోనో బయటపడితే, చేత్తో పరీక్షించిన జట్టులో ఆ సంఖ్య 37కు తగ్గింది. 50 ఏళ్లు దాటినవాళ్లలో రొమ్ము క్యాన్సర్ మరణాలు దాదాపు 30 శాతం తగ్గాయి. 50 లోపు వాళ్లలో మాత్రం మరణాల్లో చెప్పుకోదగ్గ తేడా రాలేదు.

మామోగ్రామ్ గడప దాకా రాని దేశంలో శిక్షణ పొందిన ఆడవాళ్ల చేతులు ప్రాణాలు నిలపగలవని ఈ ప్రయోగం చూపించింది. ఆ చేతులు గడ్డను పట్టుకుని ఊరుకోలేదన్నది ఇంకా ముఖ్యమైన సంగతి. అనుమానం వచ్చినవాళ్లను ఆసుపత్రికి పంపడానికీ, అక్కడ పరీక్షా వైద్యమూ అందడానికీ వాటి వెనక ఒక ఏర్పాటు ఉంది. షాంఘైని, ముంబైని పక్కపక్కన పెట్టి చదివితే నాకు కనిపించే సారం ఒక్కటే: చేయి ఎవరిదైనా, దాని తర్వాత దారి ఉన్నప్పుడే అది పనిచేస్తుంది.

మామూలు రొమ్ము ఎలా ఉంటుంది

మార్పును గుర్తుపట్టాలంటే ముందు మామూలు తెలియాలి. ఒక్కో రొమ్ములో 15 నుంచి 20 తమ్మెలు ఉంటాయి. వాటి నుంచి పాల నాళాలు చనుమొనకు చేరతాయి. చుట్టూ కొవ్వు, మధ్యలో పట్టి ఉంచే పీచు కణజాలం. ఈ కణజాలం ఛాతీ మీద గుండ్రంగా ఆగిపోదు, ఒక కొస చంకలోకి సాగి ఉంటుంది. పాలు తయారుచేసే కణజాలం ఎక్కువగా పైభాగంలో, చంక వైపు ఉంటుంది. రొమ్ము క్యాన్సర్లలో సుమారు సగం అక్కడే పుడతాయి. అందుకే చంకను వదిలేసి చేసే పరీక్ష సగం పరీక్షే.

రెండు రొమ్ములూ అచ్చు ఒకేలా ఉండవు. నెలసరికి ముందు వారంలో బరువెక్కి, సలుపుతూ, చేతికి ముద్దలు ముద్దలుగా తగలడం సహజం. నెలసరి వచ్చి వెళ్లాక అది తగ్గిపోతుంది. గర్భంతో ఉన్నప్పుడు, పాలిచ్చే రోజుల్లో, నెలసరి ఆగిపోయిన తర్వాత రొమ్ము స్వభావం మళ్లీ మళ్లీ మారుతుంది. ఇరవైల్లో ఉన్న అమ్మాయిలకు వేలి కింద అటూ ఇటూ జారిపోయే నునుపైన గడ్డ తగిలితే అది చాలాసార్లు ఫైబ్రోఅడినోమా, క్యాన్సర్ కాదు. నలభైల్లో నీటి తిత్తులు సాధారణం. చేతికి తగిలే గడ్డల్లో ఎక్కువ భాగం క్యాన్సర్ కానివే. ఈ మాటను పాఠంలో మొట్టమొదట చెప్పాలి, ఎందుకంటే భయపడిన మనిషి గడ్డను దాస్తుంది.

అయితే అది ఏ రకం గడ్డో తేల్చాల్సింది పరీక్షలే. ఇంట్లో పెద్దవాళ్లు కాదు, గడ్డ ఉన్న మనిషి కూడా కాదు. బిడ్డకు పాలిచ్చే తల్లికి గడ్డ తగిలితే పాలగడ్డ అని వదిలేస్తారు. చాలాసార్లు అది నిజమే. కానీ మందులు వాడినా రెండు వారాల్లో తగ్గని గడ్డకు స్కానింగ్ చేయించాల్సిందే. కొవ్వు గడ్డ, గాలి గడ్డ, వేడి గడ్డ అని పేర్లు పెట్టి ఏళ్లు గడిపినవాళ్లు ప్రతి క్యాన్సర్ ఆసుపత్రిలోనూ కనిపిస్తారు.

నొప్పి విషయంలో పొరపాటు మరీ ఎక్కువ. మన శరీరం మీద మనకున్న నమ్మకం ప్రకారం ప్రమాదం ఉంటే నొప్పి ఉండాలి. రొమ్ము క్యాన్సర్ మొదట్లో చాలామందికి నొప్పి పెట్టదు. నొప్పి లేని, గట్టిగా ఉన్న, అంచులు సరిగా తెలియని, వేలితో కదిపితే కదలని గడ్డనే వైద్యులు ఎక్కువగా అనుమానిస్తారు.

చూడటం, తడమటం

నెలసరి వచ్చే వయసువాళ్లు అది మొదలైన ఏడో రోజు నుంచి పదో రోజు మధ్యలో చూసుకోవడం మంచిది. అప్పుడు వాపు తగ్గి ఉంటుంది. నెలసరి ఆగిపోయినవాళ్లు నెలలో గుర్తుండే ఒక తేదీ పెట్టుకుంటే చాలు.

ముందు చూడటం. నడుము పైకి బట్టలు లేకుండా, వెలుతురులో, అద్దం ముందు నిలబడాలి. చేతులు కిందికి వదిలి ఒకసారి, తలపైకి ఎత్తి ఒకసారి, నడుము మీద గట్టిగా ఆనించి ఒకసారి. మూడు భంగిమలు ఎందుకంటే, లోపలి గడ్డ చర్మాన్ని లాగి పట్టుకుంటే ఆ లాగుడు కండరాలు బిగిసినప్పుడే పైకి తెలుస్తుంది. ఎక్కడైనా చర్మం లోపలికి సొట్టపడిందా, నారింజ తొక్కలాగా చిన్న చిన్న గుంటలతో మందంగా మారిందా, ఎర్రబడిందా చూడాలి. చనుమొన కొత్తగా లోపలికి పోయిందా, దాని మీద మానని పుండో పొలుసులో ఉన్నాయా గమనించాలి. పుట్టినప్పటి నుంచీ లోపలికి ఉన్న చనుమొనతో భయం లేదు, నిన్నమొన్న మారినదైతే చూపించుకోవాలి. పిండకుండానే కారే ద్రవం, ముఖ్యంగా రక్తంతో కలిసినది, ఒకవైపే కారేది, ఒక హెచ్చరిక.

తర్వాత తడమటం. పడుకుని, చూసుకునే వైపు భుజం కింద చిన్న దిండు పెట్టుకుంటే రొమ్ము ఛాతీ మీద పలచగా పరుచుకుంటుంది. కుడి రొమ్ముకు ఎడమ చేయి, ఎడమ రొమ్ముకు కుడి చేయి. మధ్య మూడు వేళ్లను కలిపి, గోరు వైపు కాకుండా వేలి మెత్త భాగాన్ని ఆనించాలి. చిన్న చిన్న వలయాలుగా తిప్పుతూ, ప్రతిచోటా మూడు రకాల ఒత్తిడి ఇవ్వాలి: చర్మం కింద ఏముందో తెలిసేలా మెల్లగా, మధ్యలో ఏముందో తెలిసేలా కొంచెం గట్టిగా, పక్కటెముక తగిలేంత లోతుగా. మెడ కింది ఎముక నుంచి రొమ్ము కింది మడత వరకు, చంక నుంచి ఛాతీ మధ్య ఎముక వరకు, పైనుంచి కిందికి, కిందినుంచి పైకి నిలువు వరుసల్లో పోవాలి. గుండ్రంగా తిప్పేకన్నా ఈ నిలువు వరుసల పద్ధతిలో వదిలేసే చోట్లు తక్కువని పరిశీలనల్లో తేలింది. చివరన చంక. పిడికిట్లో పట్టి పిండితే ప్రతి రొమ్ములోనూ గడ్డలున్నట్టే అనిపిస్తుంది, అలా చూడకూడదు.

ఇందులో ఏదైనా ఒక నెల మరిచిపోతే తప్పు చేసినట్టు బాధపడక్కర్లేదు. నీ శరీరం నీకు తెలియడం, కొత్త మార్పు కనిపిస్తే పోల్చుకోవడం, దాన్ని చూపించుకోవడం అన్నవి ఈ పరీక్ష ఉద్దేశం. వైద్యులు ఇప్పుడు రొమ్ము అవగాహన అని చెబుతున్నది దీన్నే. ఇది మామోగ్రామ్‌కు, ఆరోగ్య కార్యకర్త చేసే పరీక్షకు బదులు కాదు, వాటికి తోడు.

వేళ్లకు చదువు

ఇంత సూక్ష్మమైన పని మామూలు వేళ్లకు వస్తుందా అని అనుమానించేవాళ్లకు జర్మనీ నుంచి ఒక జవాబు ఉంది. అక్కడ డ్యూయిస్‌బర్గ్ పట్టణంలో ఫ్రాంక్ హాఫ్‌మన్ అనే స్త్రీల వైద్యుడు చూపులేని ఆడవాళ్లకు రొమ్ము పరీక్షలో శిక్షణ ఇవ్వడం మొదలుపెట్టాడు. అందుకు అతను పెట్టిన సంస్థ పేరు డిస్కవరింగ్ హ్యాండ్స్. శిక్షణ తొమ్మిది నెలలు. బ్రెయిలీ గుర్తులున్న పట్టీలను ఛాతీ మీద అతికించి, వాటి మధ్య ప్రతి సెంటీమీటరునూ వేళ్లతో చదువుతారు. ఒక్క మనిషిని పరీక్షించడానికి అరగంటకు పైగా తీసుకుంటారు. అనుమానం ఉన్నచోటును ఆ పట్టీల ఆధారంగా కచ్చితంగా డాక్టరుకు చెప్పగలుగుతారు. ఇప్పుడు మన దేశంలో ఢిల్లీలో నేషనల్ అసోసియేషన్ ఫర్ ద బ్లైండ్ ద్వారా ఇదే శిక్షణ పొందిన యువతులు పనిచేస్తున్నారు.

స్పర్శకు చదువు వస్తుందని ఆ యువతులు చూపిస్తున్నారు. మన ఏఎన్‌ఎంలకు, ఆశా కార్యకర్తలకు సిలికోన్ నమూనా మీద చేయించే సాధనను ఒక పూట తతంగంగా ముగించకూడదు. ఏడాదికోసారి మళ్లీ చేయించాలి. నేర్పేవాళ్ల వేళ్లకే గట్టి నమ్మకం లేకపోతే వాళ్ల మాటకు బలం ఉండదు.

మూడు పరీక్షలు

గడ్డ తగిలింది. డాక్టరు దగ్గరికి వెళ్తే ఏమవుతుంది? ఈ భాగం చాలా పాఠాల్లో ఉండదు. ఏమవుతుందో తెలియకపోవడమే సగం మందిని గుమ్మం దగ్గర ఆపేస్తుంది.

మొదటిది చేత్తో పరీక్ష. రెండోది బొమ్మ తీయడం. నలభై లోపు వాళ్లకు ముందు అల్ట్రాసౌండ్ స్కానింగ్ చేస్తారు, ఎందుకంటే వాళ్ల రొమ్ము కణజాలం దట్టంగా ఉండి మామోగ్రామ్‌లో గడ్డ దాక్కుంటుంది. ఆ పైవాళ్లకు మామోగ్రామ్, దానితోపాటు స్కానింగ్. మామోగ్రామ్ కూడా కొన్ని క్యాన్సర్లను చూపించలేదు. చేతికి గడ్డ తగులుతుంటే, బొమ్మలో ఏమీ లేదని చెప్పినా అక్కడితో ఆపకూడదు. మూడోది ముక్క పరీక్ష. మత్తు సూది ఇచ్చి, సన్నని బోలు సూదితో గడ్డలోంచి చిన్న పోగు తీసి సూక్ష్మదర్శిని కింద చూస్తారు. ఆసుపత్రిలో చేరక్కర్లేదు, అదే రోజు ఇంటికి వెళ్లవచ్చు.

సూది గుచ్చితే క్యాన్సర్ ఒళ్లంతా పాకుతుందన్న భయం మన పల్లెల్లోనూ పట్నాల్లోనూ బలంగా ఉంది. అప్పటికే పాకిపోయిన జబ్బును సూది తర్వాత కనిపెట్టినప్పుడు నింద సూది మీద పడింది. ముక్క పరీక్ష లేకుండా సరైన వైద్యం మొదలుపెట్టలేరు. హార్మోన్ల మీద ఆధారపడి పెరిగే రకమా, హర్-2 అనే ప్రొటీన్ ఎక్కువగా ఉన్న రకమా అన్నది ఆ ముక్కే చెబుతుంది. మొదటి రకానికి టామాక్సిఫెన్ లాంటి మాత్రలు, రెండో రకానికి ట్రాస్టుజుమాబ్ లాంటి ఇంజెక్షన్లు ప్రాణం పోస్తాయి.

ఇంకో పెద్ద భయం, రొమ్ము మొత్తం తీసేస్తారని. షాంఘై ఫలితం వచ్చిన 2002 అక్టోబరులోనే ఈ భయానికి జవాబు కూడా అచ్చయింది. ఇటలీలో ఉంబెర్తో వెరొనేసి, అమెరికాలో బెర్నార్డ్ ఫిషర్ అనే శస్త్రవైద్యులు విడివిడిగా చేసిన ప్రయోగాల ఇరవై ఏళ్ల లెక్కలు ఒక వైద్య పత్రిక ఒకే సంచికలో వచ్చాయి. చిన్న గడ్డను మాత్రమే తీసి, మిగిలిన రొమ్ముకు రేడియేషన్ ఇచ్చిన వాళ్లు, రొమ్ము మొత్తం తీయించుకున్న వాళ్లతో సమానంగా బతికారు. మనవాళ్లు కరెంటు పెట్టడం అనే చికిత్స ఈ రేడియేషనే. తొందరగా వెళ్లినవాళ్లలో చాలామందికి రొమ్ము మిగులుతుంది. ఆలస్యం చేసేకొద్దీ మొత్తం తీయాల్సిన అవసరం పెరుగుతుంది. రొమ్ము పోతుందన్న భయంతో ఇంట్లోనే ఉండిపోవడం దాన్ని పోగొట్టుకునే దారి.

ఆ మధ్య నెలలు

లక్షమందికి పైగా రోగుల వివరాలున్న 87 అధ్యయనాలను కలిపి చూసిన ఒక సమీక్ష 1999లో లాన్సెట్‌లో వచ్చింది. లక్షణం కనిపించాక మూడు నెలలో అంతకన్నా ఎక్కువో ఆలస్యం చేసినవాళ్లలో, తొందరగా వైద్యం మొదలైనవాళ్లతో పోలిస్తే, ఐదేళ్లు బతికినవాళ్లు నూటికి 12 మంది తక్కువ. ఈ మూడు నెలలు మన ఇళ్లలో ఎలా పోతాయో అందరికీ తెలిసిందే. గడ్డ తగిలిన మనిషి ఆ సంగతి ముందు ఎవరికీ చెప్పదు. ఆ అవయవం పేరు పైకి అనడానికే సిగ్గు. పసరు మందు, పసుపు పట్టు వేసి చూస్తారు. కూతురి పెళ్లి అయ్యాక చూద్దాం, నాట్లు అయ్యాక వెళ్దాం, పండగ వెళ్లాక పోదాం అనుకుంటారు. ఆర్‌ఎంపీ ఇచ్చిన మాత్రలతో ఒక నెల గడుస్తుంది. పట్నం వెళ్లడానికి తోడు దొరకదు, చేతిలో డబ్బుండదు. ఇందులో ఏదీ ఆమె ఒక్కతే మార్చుకోగలిగేది కాదు. అందుకే ఈ పాఠం ఆడవాళ్లకు మాత్రమే చెబితే సరిపోదు. భర్త వినాలి, అత్త వినాలి, పెద్ద కొడుకు వినాలి.

దారి ఉందన్న సంగతి కూడా చెప్పాలి. 30 నుంచి 65 ఏళ్ల ఆడవాళ్లందరికీ ఐదేళ్లకోసారి రొమ్ము పరీక్ష చేయాలని కేంద్ర ప్రభుత్వం 2016లో మార్గదర్శకాలు ఇచ్చింది. తెలంగాణలో 2023 మార్చి 8న ఆరోగ్య మహిళ కార్యక్రమం మంగళవారాల ప్రత్యేక క్లినిక్కులతో మొదలైంది. 2007లో ఉమ్మడి రాష్ట్రంలో మొదలైన ఆరోగ్యశ్రీ పథకం ఈనాడు ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్య సేవ పేరుతో, తెలంగాణలో రాజీవ్ ఆరోగ్యశ్రీ పేరుతో నడుస్తోంది. క్యాన్సర్ ఆపరేషన్, కీమో, రేడియేషన్ వాటి పరిధిలో ఉన్నాయి. హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లో ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి, విశాఖపట్నం అగనంపూడిలో టాటా మెమోరియల్ నడిపే హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉన్నాయి. ఊళ్లో పాఠం చెప్పేవాళ్లకు ఈ పేర్లు నోటికి వచ్చి ఉండాలి.

పాఠం ఎలా చెప్పాలి

ఊరి స్వయం సహాయక సంఘం సమావేశమే మంచి తరగతి గది. మగవాళ్లకు తర్వాత చెప్పవచ్చు, ముందు వాళ్లను కాసేపు బయటికి పంపి, తలుపు దగ్గరగా వేసి మొదలుపెట్టాలి. ముందు అక్షరాలున్న కాగితాలు పంచకూడదు. "అక్కా, మీలో ఎవరికైనా ఎప్పుడైనా గడ్డ తగిలిందా? తగిలితే ఎవరికి చెప్పారు?" అని అడగాలి. ఎవరో ఒకరు, "నొప్పి లేదు కదమ్మా, ఇంకేం భయం అనుకున్నా" అంటారు. ఆ మాట దగ్గరే ఆగి, నొప్పి లేని గడ్డ గురించి చెప్పాలి. వైద్యం చేయించుకుని బాగున్న ఆవిడ ఊళ్లో ఉండి, ఆమెకు ఇష్టమైతే, ఆమె చేత చెప్పించాలి. క్యాన్సర్ అంటే చావు అనే మాటకు బతికి ఉన్న మనిషిని మించిన జవాబు లేదు.

సిలికోన్ నమూనాను ఒకరి చేతిలోంచి ఒకరి చేతిలోకి పంపి, అందులో గడ్డ ఎక్కడుందో ప్రతి ఒక్కరితోనూ పట్టించాలి. పిల్లలకు పాలివ్వడం, ఒళ్లు పెరగకుండా చూసుకోవడం, మద్యానికి దూరంగా ఉండటం ముప్పును కొంత తగ్గిస్తాయని చెబుతూనే, ఇవన్నీ పాటించినవాళ్లకూ జబ్బు రావచ్చని చెప్పాలి. లేకపోతే జబ్బు వచ్చినావిడ తన తప్పు వల్లే వచ్చిందని కుమిలిపోతుంది. తల్లికో అక్కచెల్లెళ్లకో చిన్న వయసులో ఈ జబ్బు వచ్చి ఉంటే డాక్టరుకు ముందుగానే చెప్పమనాలి. వారసత్వంగా వచ్చేవి నూటికి ఐదు నుంచి పది మాత్రమే. కాబట్టి మా వంశంలో లేదు, నాకు రాదు అనుకునే ధీమా పనికిరాదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ మూడు లక్ష్యాలు పెట్టింది. నూటికి కనీసం 60 మందికి జబ్బు మొదటి రెండు దశల్లోనే బయటపడాలి. వైద్యుడి దగ్గరికి వచ్చిన 60 రోజుల్లోపు అది ఏమిటో తేలాలి. నూటికి 80 మంది వైద్యాన్ని మధ్యలో మానకుండా పూర్తిచేయాలి. మూడింటిలో ఒక్కటీ వేళ్లకు మాత్రమే సంబంధించినది కాదు. ఎన్ని అవగాహన సదస్సులు పెట్టాం, ఎందరికి గులాబీ రిబ్బన్లు పంచాం అన్న లెక్కలు పక్కన పెట్టి, మన మండలంలో గడ్డ తగిలిన మనిషికి ముక్క పరీక్ష అయ్యేసరికి ఎన్ని రోజులు పట్టింది అన్న ఒక్క లెక్క రాసుకుంటే మన పాఠం ఏపాటిదో తెలిసిపోతుంది.

సమావేశం ముగించే ముందు అక్కడున్న ప్రతి ఆడమనిషినీ మూడు ప్రశ్నలు అడగాలి. ఏ మార్పు కనిపిస్తే ఊరుకోకూడదు? ఏ రోజు, ఎక్కడికి వెళ్లాలి? నీతో ఎవరు వస్తారు? మొదటి ప్రశ్నకు జవాబు చెప్పి మిగిలిన రెండింటి దగ్గర ఆగిపోతే, సగం పాఠమే చెప్పామని అర్థం. ఆమె మిగిలిన రెండింటికీ జవాబు చెప్పగలిగేదాకా మనం లేవకూడదు.